తెల్లకణములకు దారి చూపునది ఏది?

పొలముగట్టున నడచుచుండగా కాలిలో తుమ్మముల్లు గ్రుచ్చుకొని, లాగునప్పుడు మొన విరిగి లోపలనే నిలిచిపోవుట మనలో పెక్కుమందికి అనుభవమే. ఆ రాత్రికే ఆ చోటు ఎఱ్ఱబారి, వెచ్చబడి, ముట్టుకొననీయదు. రెండవనాటికో మూడవనాటికో చీము పట్టును. ఒక్కొక్కప్పుడు గజ్జలో బిళ్ళ కూడ కట్టును. ముల్లు కాలిలో నుండగా బిళ్ళ గజ్జలో కట్టుట ఇంటిలోని పెద్దలకు వింతగా తోచదు. అది పరిపాటియని వారెరుగుదురు. కాని ఇంచుక ఆలోచించినచో ఇది మిక్కిలి వింతయే. చీము అనగా ముఖ్యముగా చచ్చిన తెల్లకణముల ప్రోగు. ఆ కణములు నెత్తురులో కొట్టుకొనిపోవుచు శరీరమంతట తిరుగుచుండునవి. వానికి కన్నులు లేవు, చెవులు లేవు; ముల్లు గ్రుచ్చుకొన్న వార్తను మెదడునకు చేర్చు నరము వానికేమియు చెప్పదు. అట్లుండగా అవి చేతివ్రేలికి గాక, వీపునకు గాక, ముల్లు మొన నిలిచిన ఆ గోరంత చోటికే లక్షలుగా ఎట్లు చేరినవి? ఈ ప్రశ్నకు సమాధానము చాలవఱకు గడచిన నలువది ఏండ్లలో దొరకినదే. దానిని ఈ ప్రసంగమున చెప్ప బూనుచున్నాము.

ప్రశ్న మాత్రము పాతది. 1882లో రష్యను జంతుశాస్త్రజ్ఞుడు ఎలీ మెచ్నికోవ్ సిసిలీ ద్వీపములోని మెస్సినా నగరమున సముద్రతీరమందు కాపురముండెను. ఇంటివారందఱు సర్కసు చూడబోయిన ఒకనాడు ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, నక్షత్రచేప పిల్లలను పరిశీలించుచుండెను. ఆ పిల్లలు నీటివలె పారదర్శకములు. వాని కడుపులో జరుగునదంతయు వెలికి కనబడును. ఇంటితోటలోని గులాబిముల్లు త్రుంచి ఒక పిల్ల చర్మము క్రింద గ్రుచ్చి, ఏమగునోయని రాత్రియంతయు నిదుర లేక గడపెను. తెల్లవారి చూడగా ముల్లు చుట్టును కణములు గుమిగూడి దానిని చుట్టుముట్టియుండెను. శరీరరక్షణను గూర్చిన ఆయన సిద్ధాంతమున కంతటికిని ఆ ముల్లే మూలము. 1908లో ఆయనకును పాల్ ఎర్లిఖునకును కలిపి నోబెలు బహుమాన మిచ్చిరి. కణములు వచ్చుట మెచ్నికోవ్ చూచెను. వానిని పిలిచిన దెవరో ఆయన కాలమున తెలియలేదు.

కణములను ఆకర్షించు పదార్థములు కొన్ని తరువాత దొరకకపోలేదు. సూక్ష్మజీవులు విడుచు కొన్ని తునకలు తెల్లకణములను లాగుకొనును. కాని వానితో లెక్క సరిపోలేదు. తెల్లకణములన్నియు ఒకే జాతి కావు. ముల్లు గ్రుచ్చుకొన్న తొలిగంటలలో వచ్చునవి న్యూట్రోఫిలులు. ఇవి మన ఎముకల మూలుగలో దినమునకు ఇంచుమించు పదివేల కోట్లు పుట్టుచుండును. వాని వెనుక వచ్చునవి మోనోసైటులు. కడుపులో నులిపురుగులున్నప్పుడును, ఉబ్బసమునందును ఇయోసినోఫిలులు అను వేఱొక జాతి ముందుకు వచ్చును. అందఱను ఒక్కసారి పిలుచు దండోరా ఒక్కటే యున్నచో ఈ వరుస ఎట్లు నిలుచును? ఎవరి నెప్పుడు పిలువవలెనో ఎఱిగిన పిలుపు ఒకటి ఉండితీరవలెను. 1987లో అమెరికా, స్విట్జర్లాండు, జర్మనీ దేశములలోని పరిశోధనశాలలు ఇంచుమించు ఒకే కాలమున అట్టి పదార్థము నొకదానిని పట్టుకొనినవి. 72 అమైనో ఆమ్లములు గల చిన్న మాంసకృత్తు అది. న్యూట్రోఫిలులను విశేషముగా పిలుచును. దానికి ఇంటర్‌లూకిన్ 8 అని పేరు పెట్టిరి. దానివంటివి ఒకటి వెంట నొకటి బయటపడగా 1992లో ఈ కుటుంబమున కంతటికిని కీమోకైనులు అను పేరు స్థిరపడినది. రసాయనముచేత కణమును కదలించునది అని ఆ పేరునకు తాత్పర్యము.

నేటికి మనుష్యునిలో ఇంచుమించు 50 కీమోకైనులు తెలిసియున్నవి. సిస్టీను అను అమైనో ఆమ్లము వాని మొదటిభాగమున ఏ యెడముతో నున్నదో చూచి వానిని నాలుగు తెగలుగా విభజించి, అక్షరములును అంకెలును చేర్చి పేర్లిచ్చిరి. ఇంటర్‌లూకిన్ 8 ఆ పట్టికలో సి.ఎక్స్.సి.ఎల్. 8 అయినది. ఆ పట్టిక మొత్తము చదివి శ్రోతల ఓర్పును పరీక్షింపము. అది పరిశోధకులకే తలనొప్పి.

పిలుపు ఉన్నంత మాత్రమున చాలదు, అందుకొనువా డుండవలెను. రేడియో లేని యింట ఆకాశమునిండ తరంగములున్నను నిశ్శబ్దమే కదా. కీమోకైనును అందుకొను గ్రాహకములు తెల్లకణము పైపొరలో నాటుకొనియుండును. ఇంటర్‌లూకిన్ 8ను అందుకొను గ్రాహకములు 1991లో మొదట దొరకినవి. ఇప్పటికి సుమారు ఇరువది తెలిసినవి. వాని నిర్మాణము చిత్రమైనది. బొంత కుట్టునప్పుడు దారము పైకిని క్రిందికిని పోయి వచ్చునట్లు, గ్రాహకమను పొడవైన మాంసకృత్తు గొలుసు కణపు పొరను ఏడుమాఱులు దూరి వచ్చును. గొలుసు ఒక కొన వెలుపల వ్రేలాడుచుండును. రెండవ కొన కణము లోపల నుండును. ఏడు కుట్లును వలయముగా నిలుచుటచే నడుమ ఒక గుంట యేర్పడును.

కీమోకైను వచ్చి ఈ గ్రాహకమును తాకుట ఒక్క క్రియ గాదు, రెండు. మొదట వెలుపల వ్రేలాడు కొన కీమోకైను నడుమును పట్టుకొనును. పట్టుకొన్న తరువాత కీమోకైనుయొక్క మొదటికొన, మెత్తని తోకవంటిది, నడుమనున్న గుంటలో దిగును. అది దిగినప్పుడే గ్రాహకము రూపు మార్చుకొని లోపలికి వార్త పంపును. ఈ రెండు పనులును వేఱువేఱని యెట్లు తెలిసినదో చెప్పుట యుక్తము. ర్యాంటెస్ అని యొక కీమోకైను కలదు. 68 అమైనో ఆమ్లములది. దానిని అధికముగా సంపాదింపదలచి పరిశోధకులు సూక్ష్మజీవులచేత తయారుచేయించిరి. ఆ సూక్ష్మజీవులు మొదటికొనకు మెథియోనిను అను ఒక్క అమైనో ఆమ్లమును అదనముగా తగిలించి విడిచినవి. అంతటి చిన్న తేడా ఏమి చేయునని మనమనుకొందుము. కాని ఆ ర్యాంటెస్ గ్రాహకమును గట్టిగా పట్టుకొనెనే గాని కణమును కదలింపలేదు. పైగా అసలైన ర్యాంటెస్‌కు చోటీయక అడ్డుపడెను. తాళపుచెవి రంధ్రములో దూరి తిరుగక అచ్చటనే ఇరుకుకొన్నట్లయినది. పొరపాటున పుట్టిన ఈ వస్తువే, 1996లో ప్రకటింపబడి, గ్రాహకమును మూసివేయు ఔషధములు సాధ్యమని చూపినది.

గ్రాహకము లోపలికొన క్రింద జీ ప్రోటీను అను మఱియొక మాంసకృత్తు కాచుకొనియుండును. గ్రాహకము రూపు మారగనే అది రెండు ముక్కలై విడిపోయి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క పనికి పోవును. క్షణములలో కణములో కాల్షియము హెచ్చును. పిలుపు వచ్చు దిక్కున కణపు అంచునందు సన్నని నారలు ఒకదానికొకటి అతుకుకొని పొరను ముందుకు త్రోయును. వెనుకభాగము ముడుచుకొని ఈడ్చుకొనిపోవును. గుండ్రముగా నున్న కణము సాగి, ముఖము, తోక అను భేదము పొందును. మిల్లీమీటరులో నూఱవవంతు పొడవుగల కణము తన రెండు కొనలయొద్దను పిలుపు ఎంత గాఢముగా నున్నదో పోల్చుకొనగలదు. నూటికి ఒకటి రెండు పాళ్ళ తేడా యున్నను అది గ్రహించి, హెచ్చున్న వైపునకు మరలును. ట్రాన్సిస్టరును చేతపట్టుకొని అటునిటు త్రిప్పి, ధ్వని ఎచ్చట స్పష్టముగ వినబడునో అచ్చట ఉంచువారు దీనిని సులభముగా ఊహింపగలరు.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. నెత్తురు నిలిచిన నీరు గాదు. పాఱు కాలువలో పిడికెడు పసుపు చల్లినచో అది చల్లినచోట నిలుచునా? రక్తనాళములోనికి వచ్చిన కీమోకైను కూడ అట్లే కొట్టుకొనిపోవలెను. పోదు. నాళపు లోపలిగోడమీద చక్కెరజాతి పదార్థముల గొలుసులు నాచువలె పెరిగియుండును. వానిది ఋణవిద్యుత్తు, కీమోకైనులలో చాలవానిది ధనవిద్యుత్తు. కాబట్టి కీమోకైను ఆ నాచును కఱచుకొని నిలుచును. గాయము దగ్గఱి నాళపుగోడ అప్పటికే జిగురుపట్టియుండుటచే తెల్లకణము దానిని రాచుకొనుచు, పట్టు దొరకుచు తప్పుచు దొర్లుచుండును. దొర్లుచున్నప్పుడు గోడమీది కీమోకైను దాని గ్రాహకమునకు తగులును. తగిలిన క్షణముననే కణముమీద ముడుచుకొనియున్న కొక్కెములు నిక్కబొడుచుకొని గోడను పట్టుకొనును. అంత వేగమైన ప్రవాహములోను కణము ఆగిపోవును. పిమ్మట గోడలోని కణముల సందున తన శరీరమును ఇరికించుకొని వెలుపలికి దూరి ముల్లువైపు ప్రాకును. ఇందులో ఏ మెట్టు తప్పినను ప్రయాణము సాగదు.

తప్పినప్పుడేమగునో కోరింత దగ్గు చూపును. పసిపిల్లలను గుక్క తిరుగకుండ దగ్గించు ఈ వ్యాధిలో రక్తపరీక్ష చేసినచో ఒక విశేషము కానవచ్చును. సూక్ష్మజీవులవలన కలుగు జ్వరములలో సాధారణముగ న్యూట్రోఫిలులు హెచ్చును; ఇందులో లింఫోసైటులు విపరీతముగ హెచ్చును. అవి క్రొత్తగా పుట్టినవని మొదట తోచును. విషయమది గాదు. కోరింత దగ్గు సూక్ష్మజీవి విడుచు విషము సరిగా జీ ప్రోటీనునే పట్టి చెడగొట్టును. గ్రాహకము ఎంత మొఱపెట్టినను లోపల వినువాడు లేడు. నెత్తురులోనుండి బయటకు దిగవలసిన లింఫోసైటులు పిలుపు నందుకొనలేక అందే తిరుగుచు పేరుకొనిపోవును. చాల చిన్న పిల్లలలో ఈ లెక్క మితిమీరినచో ప్రాణాపాయము. పసిపిల్లలకు వేయించు టీకాలలో కోరింత దగ్గు టీకాను వాయిదా వేయు తలిదండ్రులు ఈ సంగతి ఎఱుగుట మంచిదని మా అభిప్రాయము.

ఇక గజ్జలో బిళ్ళ మాట. చర్మములో డెండ్రిటిక్ కణములని కావలి కణములు కొమ్మలు చాచుకొని కూర్చుండియుండును. ముల్లుతో వచ్చిన సూక్ష్మజీవులను మ్రింగగనే అవి కొమ్మలు ముడుచుకొని, అంతకుముందు చాలని ఒక గ్రాహకమును పైపొరమీదికి సమృద్ధిగ తెచ్చుకొనును. దానిని సి.సి.ఆర్. 7 అందురు. అనగా కొత్త కేంద్రమును వినుటకు రేడియో ముల్లు త్రిప్పినట్లు. ఆ కేంద్రము గజ్జలోని లింఫుగ్రంథి. గ్రంథియు, దానికి పోవు సన్నని లింఫునాళముల గోడలును, సి.సి.ఎల్. 21 అను కీమోకైనును ఎడతెగక విడుచుచుండును. కావలి కణము ఆ పిలుపు వెంబడి నడచి, మ్రింగినదాని ఆనవాలును మోసికొని గ్రంథిని చేరును. లింఫోసైటులలో టీ జాతివియు అదే గ్రాహకము ధరించి నెత్తురునుండి అచ్చటికే వచ్చును. కోటానుకోట్ల లింఫోసైటులలో ఆ ఆనవాలును గుర్తింపగలవి బహుకొద్ది. ఆ కొద్దివానికిని కావలి కణమునకును శరీరమంతట గాక ఒక చిన్న గదిలో భేటీ కుదుర్చుటయే ఈ ఏర్పాటు ప్రయోజనము. భేటీ కుదిరినపిమ్మట గుర్తించిన లింఫోసైటులు వేలకొలది పిల్లలు పెట్టును, గ్రంథి ఉబ్బును. మనము బిళ్ళ కట్టినదందుము.

పిలుపు ఎంత అవసరమో, దానిని మాన్పుటయు అంత అవసరము. వార్త అందుకొన్న గ్రాహకము కొద్దిసేపటికే మూగబోయి కణము లోపలికి లాగబడును. అట్లు గాకున్న కణము మొదట తగిలిన పిలుపునకే కట్టుబడిపోవును. ఇంతేగాక, వార్త పంపక కీమోకైనును కేవలము మ్రింగివేయు గ్రాహకములు కూడ కలవు. మఱి దొంగలు? కుక్కచెవిని కఱచి రోజులకొలది వ్రేలాడు పిడుదును చూచియుందురు. అంతకాలము అది నెత్తురు త్రాగుచున్నను ఆ చోట తగినంత వాపు ఏల రాదు? పిడుదు లాలాజలములో కీమోకైనులను పట్టుకొని నోరు మూయు చిన్న మాంసకృత్తులున్నవి. పిలుపు గాలిలోనే ఆగిపోయినది, తెల్లకణములు రాలేదు.

అంతకంటె గడుసువి కొన్ని వ్యాధిజీవులు. అవి పిలుపు జోలికి పోవు; గ్రాహకమునే గుమ్మముగ చేసికొనును. 1897లో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా జీవిని కనుగొన్న కథ తెలుగువారికి క్రొత్త గాదు. మలేరియాలో ఒక జాతి వైవాక్సు. పశ్చిమాఫ్రికావాసులలో బహుసంఖ్యాకులకు ఈ జాతి మలేరియా అంటదని పూర్వమునుండి వైద్యులెరుగుదురు. వారి ఎఱ్ఱకణములమీద డఫీ అను రక్తవర్గపు గుర్తు లేకపోవుటయే దానికి కారణమని 1976లో లూయీ మిల్లరును ఆయన సహచరులును చూపిరి. వైవాక్సు ఎఱ్ఱకణములో దూరుటకు ఆ గుర్తే గుమ్మము. కాని మలేరియాకు గుమ్మముగా నుండుటకై మన శరీరము దానిని పెట్టుకొనదు కదా! దాని అసలు పని 1993లో తెలిసినది. డఫీ కూడ ఒక కీమోకైను గ్రాహకమే. వార్త పంపనిది, కీమోకైనులను పట్టి ఉంచునది.

ఆ గుర్తు లేనివారికి జన్యువులో ఒకే ఒక అక్షరము మారియుండును. మార్పు ఎఱ్ఱకణములయందే పనిచేయును. రక్తనాళపుగోడలయందు డఫీ యథాప్రకారముండును. ఇట్టివారిలో చాలమందికి నెత్తురులో న్యూట్రోఫిలులు తక్కువగా కనబడును. అది రోగము గాదు, వారు అంటువ్యాధులకు సులువుగ లోబడుదురనియు లేదు. కాని పరీక్షాపత్రములో అంకె తక్కువగా నుండుటచేత ఆఫ్రికా సంతతివారిలో కొందఱకు క్యాన్సరు మందులను తగ్గించుటయో ఆలస్యము చేయుటయో జరుగుచు వచ్చినది. ఒక జాతివారి సగటును మనుష్యులందఱికి కొలబద్దగ పెట్టినందున వచ్చిన అన్యాయమిది. కొన్ని అపవాదములు లేకపోలేదు: డఫీ లేనివారికిని వైవాక్సు సోకినట్లు మడగాస్కరులోను ఇతరత్రను ఇటీవల కనుగొనిరి. జీవి వేఱు దారి వెదకుకొనుచున్నది కాబోలు.

ఎయిడ్సు వ్యాధిది ఇట్టి కథయే. 1995లో రాబర్ట్ గ్యాలో ప్రయోగశాలలో, ర్యాంటెస్‌తోపాటు మఱి రెండు కీమోకైనులు హెచ్.ఐ.వి.ని అడ్డగించునని తేలినది. కీమోకైను వైరసును అడ్డగించుటేమి? మరుసటి ఏట విడివిడిగా పలు ప్రయోగశాలలు కారణము చెప్పినవి: ఆ మూడు కీమోకైనులు కూర్చుండు సి.సి.ఆర్. 5 అను గ్రాహకమే వైరసు లోనికి పోవు ద్వారము. ఉత్తర ఐరోపావాసులలో సుమారు నూటికి ఒకరికి తల్లినుండియు తండ్రినుండియు చెడిన జన్యువు వచ్చి, ఆ గ్రాహకము అసలే ఉండదు. వారికి హెచ్.ఐ.వి. సోకుట మిక్కిలి అరుదు. మన దేశమున ఈ మార్పు చాల విరళము. 2007లో బెర్లినులో రక్తక్యాన్సరును హెచ్.ఐ.వి.యు కలిసియున్న ఒక రోగికి, అట్టి జన్యువు గల దాత మూలకణములను వైద్యులు ఎక్కించిరి. క్యాన్సరు మరల తలయెత్తగా రెండవమాఱును ఎక్కించిరి. హెచ్.ఐ.వి. ఆయనను మరల తాకలేదు. 2020లో ఆయన కన్నుమూసినది తిరుగబెట్టిన రక్తక్యాన్సరువలననే. ఈ ద్వారమును మూయు మారవిరాక్ అను మాత్రకు 2007లోనే అనుమతి వచ్చినది. ఐతే సి.సి.ఆర్. 5 నిరర్థకమని ఎవరును అనుకొనరాదు. అది లేనివారికి దోమలద్వారా వచ్చు వెస్టునైలు వైరసు సోకినప్పుడు వ్యాధి తీవ్రమగు అవకాశము హెచ్చు.

కీళ్ళవాతమువంటి వ్యాధులలో తెల్లకణములు రానవసరములేని చోటికి వచ్చి హాని చేయుచున్నవి గదా, ఒక్క గ్రాహకమును మూసినచో చాలునని మందుల సంస్థలు గంపెడాశతో ప్రయత్నించినవి. ఫలము స్వల్పము. ఒక్క గ్రాహకము పలు కీమోకైనులను వినును. ఒక్క కీమోకైను పలు గ్రాహకములకు వినబడును. ఒకటి మూసిన మఱియొకటి పలుకును. దీనిని ప్రకృతి చేసిన వృథావ్యయమని వ్రాసినవారున్నారు, మేము అట్లనుకొనము. కాగితముమీద రెండు కీమోకైనులు ఒకటే గ్రాహకమును తాకుచున్నను, శరీరములో అవి పుట్టు చోటును, పుట్టు వేళయు వేఱు.

ఆశించినచోట ఫలింపని మందు ఆశింపనిచోట ఫలించిన ఉదాహరణము ఒకటి కలదు. ఎముకల మూలుగలోని కణములు సి.ఎక్స్.సి.ఎల్. 12 అను కీమోకైనును విడుచుచు, సి.ఎక్స్.సి.ఆర్. 4 అను గ్రాహకము గల మూలకణములను తమయొద్ద కట్టిపెట్టుకొనియుండును. హెచ్.ఐ.వి.కి ఈ గ్రాహకము కూడ ఒక ద్వారమే యగుటచే దానిని మూయు ప్లెరిక్సఫోర్ అను మందును మొదట ఎయిడ్సుకై పరీక్షించిరి. అది ఎయిడ్సునకు కొఱగాలేదు. కాని మందు పుచ్చుకొన్న ఆరోగ్యవంతుల నెత్తురులో కొద్ది గంటలకే తెల్లకణములు పెరుగుట చూచి పరిశోధకులు ఆశ్చర్యపడిరి. కట్టు విడిపోగా మూలుగలోని కణములు నెత్తురులోనికి దిగివచ్చుచున్నవి. అంతకుమున్ను మూలకణములను పుష్కలముగ రాబట్టలేక చికిత్స ఆగిపోయిన క్యాన్సరు రోగులు పెక్కురుండిరి. 2008లో అమెరికాలో ఈ మందునకు అనుమతి వచ్చినది. ఇప్పుడు అట్టి రోగికి సాయంకాలము చర్మము క్రింద సూది వేయుదురు. మరునాటి ఉదయము చేతినాళమునుండి నెత్తురు యంత్రములోనికి పోయి, మూలకణములు సంచిలో నిలిచి, మిగిలినది రోగి శరీరములోనికి తిరిగి వచ్చును.